గంభీరయ్యగారికి గంధం

మల్లభూపతి మహారాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, కంచం పక్కకు నెట్టేశాడు. పప్పు ఉప్పుకషాయం.

"ఉప్పు తగ్గిందని నిన్న ఒక్క మాటన్నాను. ఇవాళ ఇలా తగలేశారు. సాయంత్రంలోగా కారణం తేలాలి. లేదంటే వంటవాడు సూరప్ప ఊరొదిలి పోవాలి."

సూరప్ప రాజు కాళ్ల మీద పడ్డాడు. అతని ప్రాణస్నేహితుడైన విదూషకుడు ఓబలేశుడు పరుగున వచ్చి పక్కన నిలబడ్డాడు.

ఆజ్ఞాధికారి గంభీరయ్య మాత్రం మీసం దువ్వాడు. కొలువులో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడాలో నేర్పే శాస్త్రం పరదేశంలో చదివొచ్చాడాయన. రాజుగారి మాట ఆయన నోటి మీదుగానే కిందికి దిగాలి. విన్నవాడు "చిత్తం" అనాలి, పని చేయాలి, పక్కవాడికి చెప్పాలి. ఎదురు ప్రశ్న వేస్తే కొరడా దెబ్బలే.

"నా పద్ధతిలో లోపముండదు ప్రభూ. వంటవాడిదే పొగరు," అన్నాడు గంభీరయ్య.

ఓబలేశుడికి ఒళ్లు మండింది. అయినా వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"నిజమే ప్రభూ. ఇంత శ్రమకు పాపం గంభీరయ్యగారి తల వేడెక్కి ఉంటుంది. కాస్త గంధం రాయమని, వారి పద్ధతిలోనే సెలవివ్వండి."

రాజు సరేనన్నాడు. గంభీరయ్య మురిసిపోయి ఆ ఆజ్ఞను తానే కిందికి పంపాడు.

ద్వారపాలకుడొచ్చి "చిత్తం" అని నుదుటికి రాశాడు. భటుడొచ్చి బుగ్గలకు రాశాడు. తోటమాలి చెవులూ మెడా వదల్లేదు. మావటి అయితే, ఏనుగును తోమే అలవాటుకొద్దీ రెండు చేతులా పట్టించాడు. వెనకాల పల్లకీ మోసేవాళ్లు గిన్నెలతో బారు తీరారు. రాజు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు.

గంభీరయ్య గంధం ఉమ్మేస్తూ గావుకేక పెట్టాడు.

"ఆగండ్రా. ముందువాడు రాశాడా లేదా అని అడగక్కర్లేదా?"

ఓబలేశుడు నెమ్మదిగా అన్నాడు:

"ఆ మాట వంటింట్లో అడగనిచ్చుంటే, ప్రభువులకు ఇవాళ భోజనం దక్కేది కదండీ."

రాజు బారు వైపు చూశాడు. అందరూ తలలు దించుకున్నారు.

"నిన్నటి ఆజ్ఞ విని, ఇవాళ పప్పులో మేమూ తలా గుప్పెడు ఉప్పు వేశాం ప్రభూ," అన్నాడు మావటి.

రాజుకు నవ్వాగలేదు. సూరప్పను గుండెకు హత్తుకుని, ఇకనుంచి ఎవరైనా ఎదురు ప్రశ్న వేయొచ్చన్నాడు. ఓబలేశుడి మెడలో ముత్యాలహారం వేయమన్నాడు.

ద్వారపాలకుడు కదల్లేదు. "ఇప్పటికే ఎవరైనా వేశారా ప్రభూ?" అని అడిగాడు.

ఓబలేశుడు కంగారుగా అడ్డుపడ్డాడు.

"ఈ ఒక్క ఆజ్ఞకు మాత్రం గంభీరయ్యగారి పద్ధతే ఉంచండి ప్రభూ."

కొలువంతా గొల్లుమంది. రాజు నవ్వీ నవ్వీ, తన మెడలోని హారం కూడా తీసి అతని మెడలో వేశాడు.