విశేషణాల బరువు

ఓ జమీందారుగారి పల్లకీ కోట ముంగిట ఆగితే, బిరుదులు చదవడం పూర్తయ్యేదాకా దాన్ని నేలకు దించకూడదు. అది అక్కడి ఆచారం. కొత్తగా వచ్చిన దుబాసీ విస్సన్న పంతులు ఆ బిరుదులన్నీ ఇంగ్లీషులో ఒకే వాక్యంగా కూర్చి, పండగకో మాట చొప్పున పొడిగిస్తూ పోయాడు. పల్లకీ మోసే బోయీ దాలయ్యకు భుజం పుండైపోయింది. ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలనే పల్లకీ ఎత్తాడు.

కోట ముందు పంతులు గొంతు సవరించుకోగానే దాలయ్య అడిగాడు. "బాబూ, తమరి వాక్యంలో దొరవారు ఎక్కడుంటారు?"

"చిట్టచివర 'రాజా' అంటానే, అదిరా నామవాచకం. ముందున్నవన్నీ విశేషణాలు. నేను కూర్చినవి!"

"దొరవారిని మొయ్యడం మా పని. తమరి విశేషణాలు మేమెందుకు మొయ్యాలి?"

"మాటలకు బరువేమిట్రా, వెర్రివాడా!"

"బరువు లేకపోతే మరీ మంచిది. అవి అయ్యేదాకా నా చోట తమరు పట్టండి. దొరవారి మాట రాగానే నేనందుకుంటా."

జమీందారు తెర తొలగించి నవ్వాడు. "పట్టు పంతులూ."

పంతులు పల్లకీ బొంగు భుజానికెత్తుకుని మొదలుపెట్టాడు. మొదటి విశేషణానికి చెమట పట్టింది. రెండోదానికి భుజం మార్చుకున్నాడు. మూడోది నోట్లో ఉండగానే "రాజా!" అని అరిచేశాడు.

వాక్యం అయిపోయింది. దాలయ్య బొంగు అందుకుని, తోటివాళ్లతో కలిసి పల్లకీని మెల్లగా దించాడు.

"మరి నా శౌర్యం, నా దానం, నా కీర్తి ఏవిరా?" అన్నాడు జమీందారు చిరాకుగా.

"ఎక్కడికి పోతాయి మహాప్రభో, తమతోపాటు లోపలే ఉన్నాయి. బయటికి చదివితేనే బరువెక్కుతాయి. కాదంటే పంతులుగారినే అడగండి."

పంతులు భుజం పట్టుకుని ఆయాసపడుతూ, అడక్కుండానే తలూపాడు.