పదిన్నరకి కనబడే బోర్డు

యలమంచిలి రైల్వే గేటు పక్కన రేకుల షెడ్డులో షాపుల బోర్డులు చేసే ముగ్గురు అన్నదమ్ములుండేవారు. పెద్దవాడు గౌరీసు, నడిపివాడు పైడిరాజు, చిన్నవాడు దేముడు. చెప్పింది చెప్పినట్టు చేయడం ఈ ముగ్గురికీ ఉన్న గొప్ప. వెంట్రుకవాసి తేడా రానివ్వరు. "ఊళ్ళో అందరికీ సొంత తెలివి ఎక్కువ, అందుకే పనులు పాడవుతాయి. మనకా జబ్బు లేదు" అని గౌరీసు కాలు మీద కాలు వేసుకుని చెబుతుంటే తమ్ముళ్ళు తలలూపేవారు. కాలు మీద కాలు వేసుకోమని వాళ్ళకెవరూ చెప్పలేదు కాబట్టి వాళ్ళు వేసుకునేవారు కాదు.

వీళ్ళకొక చెల్లెలు, వరహాలు. ఇంటి తెలివంతా మూటగట్టుకుని అత్తారింటికి పోయిన మనిషి. మెయిన్ రోడ్డులో బేకరీ పెడుతోంది. ఆవిడ చేతి దిల్‌పసంద్ తిన్నవాళ్ళు మరో ముక్క అడగకుండా లేవరు, అదలా ఉంచండి. చిక్కల్లా అత్తగారు సూరమ్మతో. షాపుకి పెద్దకోడలి పేరు పెట్టాలని ఆవిడ పట్టు. ఆ పెద్దకోడలికి బన్ను కాల్చడం రాదు, కానీ పెద్దకోడలు పెద్దకోడలే. వాదులాడి వాదులాడి, చివరికి సూరమ్మ పదిమందిలో ఒక మాట అంది. గురువారం పొద్దున్న పదిన్నరకి ముహూర్తం. ఆ వేళకి గోడ మీద ఏ పేరు కనబడితే అదే షాపు పేరు. ఇలా అని, పెద్దకోడలి పేరుతో రంగుల బోర్డు రాయించి సిద్ధంగా పెట్టుకుంది. వరహాలు బోర్డు అన్నల చేతిలో ఉంది.

అన్నలు ఇందుకోసం కొత్తగా సిఎన్‌సి రౌటర్ తెప్పించారు. పెద్ద బల్ల, దాని మీద అటూ ఇటూ నడిచే మోటారు, మోటారు కింద బిట్టు. కంప్యూటర్లో అక్షరం గీసి ఇస్తే బిట్టు గిర్రున తిరుగుతూ షీటుని చెక్కుకుంటూ పోతుంది. మెషిన్ బిగించడానికి వచ్చిన మస్తాన్ గారు ఓపికమంతుడు. అక్రిలిక్ షీటంటే ప్లాస్టిక్కు, చెక్కలాంటిది కాదు, వేడి తగిలితే కరుగుతుంది అని చెప్పి నాలుగు జాగ్రత్తలు అప్పజెప్పారు. ఒకే అంచు ఉన్న బిట్టు వాడాలి, రెండంచులదైతే పొట్టు ఇరుక్కుని వేడెక్కుతుంది. మోటారు తిరిగే వేగం తగ్గించాలి, ముందుకు నడిచే వేగం పెంచాలి. ముందు పనికిరాని ముక్క మీద చేసి చూసుకోవాలి. షీటుకి అంటించి ఉన్న కాగితం పని అయ్యేదాకా పీకకూడదు. ఎంత వేగమో అంకెలు ఒక అట్ట మీద రాసి, ఒంటి అంచు బిట్టు ఒకటి డబ్బాలో పెట్టి ఇచ్చి ఆయన బస్సెక్కారు.

ఇంకేముంది. కొత్త వస్తువు మూడు రోజులు దేవుడి గూట్లో ఉండాలని వాళ్ళమ్మ ఎప్పుడో చెప్పింది. అట్టా, డబ్బా రెండూ బొట్టు పెట్టించుకుని గూట్లోకి వెళ్ళిపోయాయి. మెషిన్ కూడా కొత్తదే కదా అని దాన్నీ ఎత్తబోయారు గానీ గూడు చాలలేదు.

పని మొదలుపెట్టే ముందు పైడిరాజు పనికిరాని ముక్క కోసం షెడ్డంతా వెతికాడు. ఉన్నవి రెండే షీట్లు, రెండూ నిగనిగలాడుతున్నాయి. రెండూ పనికొచ్చేవే, ఇప్పుడెలా అని గౌరీసు దిగులుపడ్డాడు. దేముడు ఒక షీటుని బయట పడుకోబెట్టి దాని మీంచి ట్రాలీ ఆటో మూడుసార్లు నడిపించాడు. ఇప్పుడిది దేనికీ పనికిరాదు అని తెచ్చి చూపిస్తే అన్నలిద్దరూ వాడి వీపు తట్టారు.

తర్వాత బిట్టు. మెషిన్‌తో పాటు వచ్చిన రెండంచుల బిట్టొకటి ఉంది. గౌరీసు సానరాయి దగ్గర కూర్చుని రెండో అంచుని శ్రద్ధగా అరగదీసేశాడు. అంతే, ఒకటే మిగిలింది. మోటారుని మాత్రం నిమిషానికి ఇరవైనాలుగు వేల చుట్లు తిరిగేట్టు పెట్టారు, తగ్గించాలంటే ముందు ఎక్కువ ఉండాలి కదా అని. నడక చీమనడక చేశారు, పెంచాలంటే ముందు తక్కువ ఉండాలి కదా అని.

బిట్టు ఊగుతూ తూలుతూ ఆ పనికిరాని షీటు మీద 'వ' మొదలుపెట్టింది. పొట్టు రాలలేదు, పాకం వచ్చింది. జీళ్ళపాకం పట్టినవాళ్ళకి తెలుస్తుంది, పాకం ముదిరే ఘడియ ఒకటుంటుంది, అప్పుడు పొయ్యి మీంచి దింపకుండా పక్కింటివాళ్ళతో కబుర్లు పెట్టుకుంటే గరిటె కూడా అందులోనే ఉండిపోతుంది. బిట్టు గతీ అదే అయింది. చెక్కిన గాడి చెక్కినట్టే పూడుకుపోయింది. షెడ్డంతా కమురుకంపు.

తగ్గించే వేళయిందన్నాడు పైడిరాజు. పాకంలోంచి బిట్టుని పీకి, వేగం ఇరవై వేలు చేశారు, పది వేలు చేశారు, ఎంత తగ్గిస్తే అంత మంచిదని సున్నా చేశారు. నడక మాత్రం ఆఖరిదాకా పెంచారు. తిరగని బిట్టు షీటులో దిగబడి, నాలుగంగుళాలు ఈడ్చుకుపోయి టక్కున విరిగింది. ముక్క ఎగిరెళ్ళి గోడ మీద క్యాలెండర్లో బుధవారానికి గుచ్చుకుంది. ముగ్గురూ దగ్గరికెళ్ళి చూశారు.

"ఇవాళ బుధవారమే" అన్నాడు దేముడు. "మెషిన్‌కి అన్నీ తెలుసు."

సాయంత్రం వరహాలు వచ్చి, పాకం చూసి, విరిగిన బిట్టు చూసి, స్టూలు మీద కూలబడింది.

"అన్నయ్యా, రేపు పదిన్నరకి నా పేరు కనబడకపోతే, నేను కాల్చిన కేకు ప్రతి ఒక్కటీ మా తోటికోడలి పేరు మీద అమ్ముడుపోతుంది, బతికినన్నాళ్ళూ. తెలుసా నీకు?"

"తెలుసమ్మా, నువ్వే చెప్పావు కదా" అన్నాడు గౌరీసు.

మస్తాన్ గారిచ్చిన బిట్టు ఏదని అడిగింది. దేవుడి దగ్గరుంది, మూడు రోజులూ ఇవాళ్టితో అయిపోయాయి అన్నారు. ఆవిడ డబ్బా దించి, అట్ట మీది బొట్టు తుడిచి అంకెలు చదివింది. మోటారుకి పద్దెనిమిది వేలు, నడక నిమిషానికి రెండు మీటర్లు. దేముడు పాడుచేసిన షీటు మీద ఒక సున్న చెక్కించి చూసింది. కొబ్బరికోరులా తెల్లటి పొట్టు రాలింది, గాడి నున్నగా వచ్చింది. పనికిరాని ముక్క ఎంత పనికొచ్చిందో చూడమన్నాడు దేముడు. ఆవిడ చూడలేదు. మిగిలిన మంచి షీటు మీద వెనకవైపు నుంచి అక్షరాలు తిరగేసి చెక్కించింది. ముందువైపు కాగితం అలాగే ఉంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది. "పొద్దున్నే గోడకి బిగించండి. ముహూర్తం తప్పితే మా అత్త ఒప్పుకోదు. షాపులో గోడ గడియారంలో సరిగ్గా పదిన్నరకి కాగితం తీయండి. ముందూ కాదు, తర్వాతా కాదు."

ముగ్గురూ మూడుసార్లు అప్పజెప్పారు.

గురువారం షాపు ముందు జనం నిండిపోయారు. గోడ గడియారం సూరమ్మ కానుక, దాని మీద ఆవిడ పేరు కూడా రాయించింది. కానీ అందులో బ్యాటరీ వేయడం ఎవరికీ తోచలేదు. అమ్మేచోట గడియారాలన్నీ ఎలా ఉంటాయో అదీ అలాగే పదీ పది దగ్గర నిలబడి ఉంది. వరహాలు లోపల పొయ్యి దగ్గర చెమటలు కక్కుతోంది. అన్నలు బల్లలెక్కి, కాగితం అంచు పట్టుకుని, గడియారం కేసి రెప్ప వేయకుండా చూస్తున్నారు. ఊళ్ళో పదిన్నర దాటింది.

"ఏరా గౌరీసూ, వేళైపోయింది, పేరేదీ?" అంది సూరమ్మ. తన బోర్డు పట్టుకున్నవాళ్ళకి సైగ కూడా చేసింది.

"ఇంకా ఇరవై నిమిషాలుందత్తా. నీ గడియారమే చూసుకో."

జనమంతా తలలు తిప్పి గడియారం చూశారు, తర్వాత సూరమ్మని చూశారు. తన కానుక నడవదని అంతమందిలో ఒప్పుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఉంది, ఉంది అని కుర్చీలో కూర్చుంది. పదకొండైంది. పన్నెండైంది. జనం ఎగ్ పఫ్‌లు ఖాళీ చేసి క్రీమ్ బన్నుల మీద పడ్డారు. అప్పుడు బయటికొచ్చిన వరహాలు ఒక్క చూపులో సంగతి గ్రహించి, గడియారం దించి బ్యాటరీ వేసి మళ్ళీ తగిలించింది. ఇరవై నిమిషాలకి ముల్లు ఆరు మీదికి వచ్చింది. ముగ్గురూ ఒక్కసారిగా కాగితం లాగారు. బోర్డు వెనక బిగించిన లైటుకి అక్షరాలు వెలిగాయి. వరహాలు బేకరీ.

సూరమ్మ చాలాసేపు చదివింది. "మాటంటే మాటే" అని, ఒక క్రీమ్ బన్ను ఇమ్మంది.

వరహాలు కళ్ళు తుడుచుకుని తిరిగి చూసేసరికి, అన్నలు మైదా జిగురు పూసి కాగితం మళ్ళీ అంటించేస్తున్నారు. ఇదేమిటని అడిగితే, పదీ ముప్పై ఒకటి అయింది, తర్వాతా కాదన్నావు కదా అన్నారు.

 మర్నాడు ఆ గడియారంలో సరిగ్గా పదిన్నరకి అన్నలు కాగితం తీయగానే, వరహాలు బ్యాటరీ పీకి జాకెట్లో దోపుకుంది. అంతే. ఇప్పుడు పేరు పగలంతా కనబడుతోంది. వెళ్ళినప్పుడు చూడండి, బోర్డు పక్కన బల్లల మీద ముగ్గురు మనుషులుంటారు, చేతుల్లో కాగితం, జిగురు గిన్నె. పదీ ముప్పై ఒకటి కోసం చూస్తున్నారు. జిగురు గట్టిపడినప్పుడల్లా కాస్త నీళ్ళు కలుపుకుంటున్నారు.