ఉత్తరం చివరి మాట

జిలానీకి బాషా మీద ఒళ్ళు మండిపోయింది.

దస్తగిరి సాహెబ్ సూఫీ ఆశ్రమానికి దూరాల నుంచి ఇంగ్లీషు ఉత్తరాలు వస్తాయి. జవాబులు రాసే పని ఈ శిష్యులిద్దరిదీ. వస్తామన్నవాళ్ళకు చివర్లో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ’ అని రాయాలి. బాషా మాత్రం ‘టు సీ యూ’ అని రాసి, నిశ్చింతగా కవరు అంటించేస్తాడు.

జిలానీ నలుగురిలో అతణ్ణి చెడామడా దులిపేశాడు. అప్పటికీ కోపం చల్లారక గురువు దగ్గరికి వెళ్ళాడు.

“హజ్రత్, ఆ ఒక్క మాట సరిగ్గా రాయడం రాదు వాడికి. మన పరువు పోతోంది. రాస్తే నేనైనా రాయాలి, లేదా వాడైనా రాయాలి. మీరే తేల్చండి.”

దస్తగిరి సాహెబ్ చింతపండు పిక్కలు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

“ఆ మాటకు మన భాషలో అర్థమేంది బేటా?”

“మీరు ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తున్నాం అని.”

“బాగుంది. ఈ మధ్య ఎవరికి రాశావు?”

“వేలూరు ఆస్పత్రి నుంచి ఎవరో నర్సు. ఈ గురువారం వస్తానని రాసింది.”

“అంటే ఈ రోజే. వంటింట్లో చెప్పావా?”

జిలానీ నాలుక కరుచుకున్నాడు. వచ్చేవాళ్ళ కోసం ముందుగా బియ్యం పోయించడం, వాళ్ళు తిన్నాకే మిగతావాళ్ళు తినడం ఆ ఇంటి పద్ధతి. పాపం, ఉత్తరం అంత అందంగా కుదిరిన సంబరంలో ఆ సంగతే మరిచాడు.

గురువు చింతపండు పక్కన పెట్టి వంటమనిషికి కేకేసి చెప్పాడు. తర్వాత చేతికర్ర తీసుకుని రోడ్డు దారి పట్టాడు. జిలానీకి వెంట నడవక తప్పలేదు.

బస్సు తిరిగే మలుపు దగ్గర రాతి దిమ్మె మీద ఇద్దరూ కూర్చున్నారు. పొద్దుటి బస్సులో ఆమె రాలేదు. మధ్యాహ్నం బస్సులోనూ లేదు. ఎండ నెత్తికెక్కింది. జిలానీ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. డెబ్బై దాటిన గురువు కూడా పస్తు ఉన్నాడే అని బాధగానూ ఉంది.

“ఇంటికి పోదాం హజ్రత్. ఆమె వస్తే దారి అడుక్కుని వస్తుంది. అది ఊరికే ఉత్తరం చివర రాసే మాట. అందరూ రాస్తారు.”

“ఆ సంగతి ఆమెకు తెలుసా?” అన్నాడు దస్తగిరి సాహెబ్.

జిలానీ మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.

సాయంత్రం బస్సులో ఒక్క మనిషే దిగింది. తెల్లచీర, చేతిలో సంచి. దిగిందే గానీ ఫుట్‌బోర్డు పక్కనే నిలబడి అటూ ఇటూ చూస్తోంది. గురువు లేచి ఎదురెళ్ళాడు.

“రామ్మా. మీ కోసమే కూర్చున్నాం.”

“నా కోసమా బాబా?” అంది ఆమె. “నా పేరు ఎస్తేరు. మా ఆయన పోయాక ఎక్కడికీ కదల్లేదు. ఎదురుచూస్తామని రాశారు గదా, ఆ మాట పట్టుకుని బయల్దేరా. ఇక్కడ ఎవరూ లేకుంటే ఇదే బస్సులో తిరిగి పోదామనుకున్నా.”

బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. జిలానీ అటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి ఆమె సంచి అందుకున్నాడు.

కొన్నాళ్ళకు బాషా ఒక జవాబు రాసి, భయం భయంగా తెచ్చి చూపించాడు. చివర అదే తప్పు. జిలానీ పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా దిద్దించాడు. ఉత్తరం మడిచి ఇస్తూ అడిగాడు.

“ఈయన ఏ బస్సుకొస్తాడు బాషా?”