గుండుబాబు ఊలు టోపీ

ముందే చెప్తున్నానర్రా, ఈ మధ్య నాకు ముందుదీ వెనకదీ కలిసిపోతున్నాయి. రాజు రావాల్సిన చోట గొర్రె వచ్చినా, గొర్రె రావాల్సిన చోట రాజు వచ్చినా నవ్వకండి. మీరు ఊ కొడుతూ ఉంటే నా దారి నాకు దొరుకుతుంది. కొడతారుగా?

అనగనగా ఒక కొండ, కొండ మీద చలిమేడు అని ఒక ఊరు. ఎంత చలంటే, పొయ్యి పక్కన పడుకున్న పిల్లి పాలు పోసినా లేచేది కాదు. ఆ ఊరికో రాజు, రాజుకో రాణి, రాణికి లేకలేక పుట్టిన ఒక కొడుకు. పడుతూ లేస్తూ కోటంతా తిరిగే వయసు. పేరు ఏదో పెద్దదే ఉండేదిలే, అందరూ గుండుబాబు అనేవాళ్ళు. ఎందుకంటే ఎముకలు కొరికే మార్గశిరంలో పుట్టువెంట్రుకలు తీయించారు. ముహూర్తం అప్పుడే కుదిరిందట. ముహూర్తం పెట్టినాయన నెత్తి మీద తలపాగా ఉందిగా, ఆయనకేం!

నున్నటి గుండు, చల్లటి గాలి. బాబుకి చెవిపోటు పట్టుకుంది. బాబు ఏడిస్తే రాణి ఏడుస్తుంది, రాణి ఏడిస్తే రాజుకి నిద్ర ఉండదు, రాజుకి నిద్ర లేకపోతే మంత్రికి తిట్లు, మంత్రికి తిట్లు పడితే ఊరికి తిప్పలు. వైద్యుడొచ్చి, మందక్కర్లేదు, చెవులు వెచ్చగా ఉంచితే చాలన్నాడు. ఉంచనిస్తేగా! పట్టు టోపీ జారిపోయింది. జరీ టోపీ గుచ్చుకుంది. తాళ్ళ టోపీ కడితే తాళ్ళు నమిలేశాడు. ఎవరు పెట్టినా పీకి పారేయడమే.

పైగా ఆ కోటలో ఒక పట్టింపు. పసిపిల్లల్ని దారంతోగానీ జేనతోగానీ కొలవకూడదు. కొలిస్తే పిల్లాడు ఆ కొలత దగ్గరే ఆగిపోతాడట. అందుకని టోపీలు కుట్టేవాళ్ళంతా దూరం నుంచి చూసి, గాల్లో అంచనా వేసి కుట్టేవాళ్ళు.

ఆ ఊళ్ళో సన్నాసి అని ఒక గొర్రెల కాపరి. మనిషి మంచివాడే, కాకపోతే కాళ్ళకంటే నోరు ముందు పరిగెడుతుంది. ఉన్ని ఇవ్వడానికి కోటకి వెళ్ళి, మా ఆవిడ బంగారమ్మ అల్లిన టోపీ అయితే బాబు తీయనే తీయడు, తీస్తే నా మంద మొత్తం తోలుకుపొండి అనేశాడు. రాజు సరేనన్నాడు. ఊ కొడుతున్నారా?

సన్నాసి బాబు తలని దూరం నుంచి చూశాడు. రెండు చేతులూ గుండ్రంగా పట్టి, ఇంత అనుకుని, ఆ చేతులు అలాగే పట్టుకుని ఇంటికి బయల్దేరాడు. దారిలో మామ కనిపించాడు. దండం పెట్టి మళ్ళీ చేతులు చాచాడు, కొలత కాస్త పెరిగింది. మేక అడ్డొచ్చింది. మేకని తోలి మళ్ళీ చాచాడు, ఇంకాస్త పెరిగింది. ముక్కు దురదపెట్టింది. గోక్కుని మళ్ళీ చాచాడు, ఇంకా పెరిగింది. ఇల్లు చేరేసరికి చేటంత అయింది.

“ఇది తలా, గుమ్మడికాయా?” అంది బంగారమ్మ.

“రాజుగారి బిడ్డే! నీ నా తలలాగా ఉంటుందా?”

బంగారమ్మకి నమ్మకం కుదరలేదు. కానీ మంద పందెం పెట్టి వచ్చాడాయె. రెండు పోగులు కలిపి లావుగా చేసి, లావుపాటి వెదురు పుల్లలతో అల్లింది. లావు ఊలు కదా, అల్లిక చప్పున సాగింది. మర్నాడు పొద్దున్నే సన్నాసి ఆ టోపీ తీసుకెళ్ళి బాబుకి పెడితే, అది భుజాల దాకా దిగిపోయింది. బాబు చేతులు చాచుకుని, గోడలు తడుముకుంటూ వసారాలోకి వచ్చాడు. కాపలావాడు చూసి, తల లేని దయ్యం బాబోయ్ అని బల్లెం పారేసి స్తంభం ఎక్కేశాడు. వాడి కాళ్ళు పట్టుకుని మంత్రి వేలాడాడు. బాబు ఒకటే ఏడుపు. రాజు కళ్ళెర్రజేసి, దీపాలు పెట్టేలోగా సరైన టోపీ రాకపోతే మంద కోటకి వచ్చేస్తుందన్నాడు.

సన్నాసి ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే బంగారమ్మ మంద వైపు చూసింది. తల్లి చచ్చిపోతే పాలగుడ్డ చీకించి పెంచిన గొర్రెపిల్ల ఉంది ఆ మందలో. అది ఇప్పటికీ గడపలోకొచ్చి ఆమె కొంగు నములుతుంది.

“చేతుల్లో కొలత మోసుకొస్తావా నువ్వు?” అని మొగుణ్ణి దులిపేసి కూలబడి ఏడ్చింది.

అత్త పైడమ్మ చుట్ట పక్కన పెట్టి, “ఏడవకే అమ్మా. గుడ్డయితే కత్తిరించాక పోయినట్టే. ఊలు ఎక్కడికి పోతుంది? కొస పట్టుకుని లాగు,” అంది. కోడలు లాగింది. చేటంత టోపీ చూస్తుండగానే కరిగి మళ్ళీ ఉండ అయింది. అల్లితే టోపీ, విప్పితే ఉండ, ఉండ ఉండగా మనకేం బెంగ!

ఈసారి బంగారమ్మ ఉండా పుల్లలూ పట్టుకుని తనే కోటకి వెళ్ళి వంటింటి గడప దగ్గర కూర్చుంది. ఏమీ కొలవలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది. ఇంతలో బాబు వచ్చి, పప్పు గిన్నె ఖాళీది తీసుకుని నెత్తిన బోర్లించుకున్నాడు. కనుబొమల దాకా సరిగ్గా దిగింది. లోపల నుంచి ఊ ఊ అని అరుస్తూ, తన గొంతు తనే విని నవ్వుకుంటున్నాడు. దాది తీయబోతే గయ్యిమన్నాడు.

అప్పుడు తెలిసింది బంగారమ్మకి. వీడికి నెత్తిన ఏదన్నా ఉంటే కోపం కాదు, ఇంకొకరు పెడితేనే కోపం!

గిన్నె విసిరేసి బాబు అటు వెళ్ళగానే ఆమె గిన్నె అందుకుంది. అల్లడం, గిన్నెకి తొడిగి చూడ్డం, మళ్ళీ అల్లడం. అంచుకి రెండు కుట్లు సీదా, రెండు కుట్లు ఉల్టా, అంటే రెండు తిన్నగా, రెండు తిరగేసి, అలా అల్లితే రబ్బరులా సాగి మళ్ళీ పట్టేస్తుంది. పైకి వచ్చాక మిగిలిన కుట్లన్నిటిలోంచి ఒకే దారం దూర్చి, సంచి మూతి బిగించినట్టు లాగి ముడేసింది. పిల్లలూ, ఇక్కడ నిద్రపోకండి, అసలు సంగతి ఇప్పుడే.

ఆ టోపీని గిన్నె లోపల అంటించినట్టు సర్ది, గిన్నెని నేల మీద పెట్టి పక్కకి తప్పుకుంది. రాజు, రాణి, స్తంభం దిగిన కాపలావాడు, అందరూ ఊపిరి బిగబట్టారు. బాబు వచ్చాడు. గిన్నె తీశాడు. నెత్తిన బోర్లించుకున్నాడు. తల ఒక్క ఊపు ఊపేసరికి గిన్నె ఖంగుమని కింద పడింది. టోపీ మాత్రం చెవుల మీదే ఉండిపోయింది! బాబు తడిమి చూసుకున్నాడు. అంచు పట్టి లాగాడు, సాగింది. వదిలాడు, మళ్ళీ పట్టుకుంది. కిలకిలా నవ్వాడు.

రాజు మెల్లిగా, “కొలిచావా?” అన్నాడు.

“లేదు మారాజా. బాబుగారే కొలిచి చూపించారు.”

చెవులు వెచ్చబడ్డాయి. బాబు కళ్ళు మూతపడ్డాయి. బాబు పడుకుంటే రాణి పడుకుంది, రాణి పడుకుంటే రాజు సింహాసనం మీదే గుర్రుపెట్టాడు, రాజు గుర్రుపెడితే మంత్రికి హాయి, మంత్రికి హాయైతే ఊరందరికీ హాయి. పందెం మంద తోలుకుని తల్లితో కోటకొచ్చిన సన్నాసి, మా ఆవిడ మీ ఏనుక్కి శాలువా కూడా... అని మొదలెట్టబోతే పైడమ్మ నోరు మూసి బయటికి లాక్కొచ్చింది. కోట వాకిట్లో మంద మందంతా ఉంది. ఆ పెంపుడు పిల్ల పరిగెత్తుకొచ్చి కొంగు నమిలింది. నములుకోవే తల్లీ అని బంగారమ్మ ఆ మెట్ల మీదే కూర్చుని, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

అందుకే తప్పల్లామని ఊలు పారేయకూడదర్రా. కొస దొరికితే చాలు, మళ్ళీ మొదలెట్టుకోవచ్చు. కథ చెవులు కప్పుకుని కంచికి వెళ్ళింది, మనం దుప్పట్లోకి వెళ్దాం.

ఒసే భానూ, దీపం తీసే ముందు ఒక్క మాట. అత్త పైడమ్మ, కోడలు బంగారమ్మ అనే కదూ? అత్తని కోడల్ని చేసి, కోడల్ని అత్తని చేసెయ్యలేదు కదా? నీ చిన్నప్పుడు నీకెలా చెప్పానో కాస్త గుర్తుచేసుకుని చూడవే.