చెవి మడతలోని అత్తరు

శుక్రవారం నాడు చెవి మడతలో అత్తరు దూది పెట్టుకుని పనికి కూర్చునే అలవాటు కదిరిలోని ఆ గ్యాసు షెడ్డులో ఇప్పుడు ఎవరికీ లేదు. జిలానీ ఉస్తాద్ ఉన్న రోజుల్లో అది తప్పేది కాదు.

తోపుడు బండ్లవాళ్ళు తెచ్చే చిన్న సిలిండర్లను ఉస్తాద్ నింపేవారు. ఓబులేసు ఆరేళ్ళుగా ఆయన శిష్యుడు. ఖాళీ సిలిండర్‌ను తూచడం, తూకం ముల్లు గీతను తాకగానే ఆపడం, లోపల ఐదో వంతు ఖాళీగా వదలడం, అన్నీ అతని చేతికి అలవడ్డాయి. ఒక్క సబ్బునీళ్ళ దగ్గరే అతనికి విసుగు. నింపిన ప్రతి సిలిండర్ మూతికీ కుంచెతో సబ్బునీళ్ళు పూసి, పది ఊపిరులు తీసేంత సేపు చూడాలి. బుడగ లేచిందంటే గ్యాసు కారుతున్నట్టు.

"సిలిండర్లకు ఈ స్నానాలెందుకు, ఉస్తాద్?" అని అడిగాడు ఓబులేసు ఒక శుక్రవారం పొద్దున. "రవ్వంత కారినా నా ముక్కు పట్టేస్తుంది. మూడు వీధుల అవతల పప్పు మాడినా చెప్పగలను."

"మా ఇంట్లో రోజూ మాడుతుంది. ఒక్కసారీ చెప్పలేదే?"

ఓబులేసు నవ్వాడు గాని పట్టు విడువలేదు. రేపటి నుంచి షెడ్డు తాళం తనకు అప్పగించమని అడిగాడు. ఉస్తాద్‌కు చూపు మందగించిన సంగతి ఇద్దరికీ తెలుసు. తాళం ఎవరో ఒకరి చేతికి వెళ్ళవలసిందే.

ఉస్తాద్ తన అత్తరు సీసా అందుకున్నారు. సీసా మూత తీసి, చిన్న దూది ఉండను అత్తరులో తడిపి, ఓబులేసు చెవి మడతలో పెట్టారు. షెడ్డంతా గుప్పుమంది.

"ఈ రోజు నీ ముక్కుతోనే పని చెయ్యి. నింపినవన్నీ ఆ గోడ పక్కన పెట్టు. నేను చెప్పే వరకూ ఒక్కటీ గడప దాటకూడదు."

మధ్యాహ్నానికి గోడ పక్కన పన్నెండు సిలిండర్లు చేరాయి. ఒక్కొక్కదాన్నీ వాసన చూసి, తృప్తిగా తల ఊపి పెట్టాడు ఓబులేసు.

అప్పుడు బజ్జీల బండి కుళ్ళాయమ్మ వచ్చింది.

"ఏమి ఓబులేసన్నా, పెండ్లికొడుకు మాదిరి గుబాళిస్తాండావు! మలుపు కాడనే తగిలింది నాకు."

"నేనా? పొద్దున పెట్టిన అత్తరమ్మా అది. వాసన ఎప్పుడో పోయింది."

"యాడికి పోయింది? నాకు తుమ్ములొస్తాంటే!" అని ఆమె నిజంగానే రెండుసార్లు తుమ్మింది. "సరేగాని నా సిలిండరు ఇయ్యి. నూనె పెట్టే పొద్దయింది."

ఓబులేసు దూదిని తీసి ముక్కుకు ఆనించుకున్నాడు. దూది ఇంకా తడిగానే ఉంది. ఎంత పీల్చినా వాసన ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది.

కుళ్ళాయమ్మ సిలిండర్ మీదికి వెళ్ళిన అతని చేయి ఆగిపోయింది. అతను వెళ్ళి కుంచె తెచ్చాడు.

మూడు ఊపిరుల వరకూ ఏమీ లేదు. నాలుగో ఊపిరికి మూతి పక్కన ఆవగింజంత బుడగ లేచింది. దాని పక్కనే ఇంకొకటి.

గురుశిష్యులిద్దరూ ఆ సిలిండర్‌ను పెరట్లో ఆరుబయట, దూరంగా పెట్టి వచ్చారు. కుళ్ళాయమ్మకు వేరొకటి నింపి, కడిగి, చూసి ఇచ్చారు.

"అత్తరు అడ్డొచ్చింది, ఉస్తాద్," అన్నాడు ఓబులేసు నేల చూపులు చూస్తూ.

"అత్తరు వాసనే రాలేదన్నావు కదా, బేటా. ఇక అడ్డెలా వచ్చింది?"

కుళ్ళాయమ్మ సిలిండర్ చంకనెత్తుకుని, వీధి మలుపు దాకా నవ్వుతూనే పోయింది. ఓబులేసుకు కూడా నవ్వు ఆగలేదు. నవ్వుతూనే సబ్బునీళ్ళ డబ్బా గోడ దగ్గరికి జరుపుకున్నాడు.

సాయంత్రానికి చూడవలసిన సిలిండర్ ఒక్కటే మిగిలింది. ఉస్తాద్ కూడా వచ్చి పక్కన గొంతుకూర్చున్నారు. ఆ షెడ్డులో ఇద్దరూ కలిసి చేసిన చివరి పని అదే.

"నా కళ్ళకు ఆనడం లేదు. బుడగ ఉందా?"

"ఇంకా మూడు ఊపిరులున్నాయి, ఉస్తాద్. ఆగండి."

ఉస్తాద్ నడుముకున్న తాళంచెవి విప్పి, ఓబులేసు చొక్కా జేబులో వేశారు. ఓబులేసు చూపు సిలిండర్ మూతి మీదనే ఉంది.

మిగిలిన మూడు ఊపిరులూ ఇద్దరూ కలిసే లెక్కపెట్టారు.