పాయ అవతలి పచ్చదనం

హైమావతి గారిని శిష్యులు ఏదైనా అడిగితే, తిన్నగా జవాబు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. తీరంలో అడవి పెరుగుతోందో తరుగుతోందో ఉపగ్రహ చిత్రాల్లో చూసి తేల్చడం ఆమె వృత్తి. ఒకనాడు కిరీటి అనే శిష్యుడు దిగులుగా వచ్చాడు.

"మేడమ్, నేను చూస్తున్న ఒక తీరపు ఊరివాళ్లు మడ మొక్కలు నాటిన చోట చిత్రంలో పచ్చదనమే లేదు. రేపు వాళ్లకు ఏ ముఖంతో చెప్పను?"

హైమావతి గారు చెప్పిన సంగతి ఇది.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక పల్లెలో అప్పాయమ్మ అనే జాలరి స్త్రీ ఉండేది. ఉప్పెన ఆమె ఇంటినీ, ఇంట్లో నిద్రపోతున్న కూతురినీ తీసుకుపోయింది. మడ అడవి అడ్డుంటే కెరటం జోరు తగ్గేదని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె తోటి ఆడవాళ్లను కూడగట్టి, మోకాటి లోతు బురదలో దిగి, ఊరి పక్క గోదావరి పాయ ఒడ్డు పొడవునా మడ మొక్కలు నాటింది. ఏటేటా చిత్రాల్లో ఆ ఒడ్డు పచ్చబడుతూ వచ్చింది. అంతలో ఒక వరదకు పాయ దారి మార్చుకుని ఒడ్డునే కోసేసింది.

ఆ సంగతి చెప్పడానికి హైమావతి గారు వెళ్లేసరికి అప్పాయమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ ఏటి చిత్రం చూపించి, "ఏమీ మిగల్లేదండి" అన్నారు ఈమె.

"తెలుసమ్మా. అటేపు చూడలేకపోతన్నాను." మళ్లీ తనే అడిగింది: "మరి మా ఒడ్డు మట్టంతా ఎటు పోయినట్టమ్మా?"

ఆ మాటకు బదులు చెప్పడానికి హైమావతి గారు చిత్రాన్ని పూర్తిగా విప్పారు. పాయ అవతల, అది సముద్రంలో కలిసే మొగ దగ్గర, కొత్తగా తేలిన బురద దిబ్బ మీద లేత పచ్చ మరక ఉంది. ఇద్దరూ పడవెక్కి వెళ్లారు. ఎవరూ నాటని మడ మొక్కలు అక్కడ మోకాలెత్తున నిలబడి ఉన్నాయి.

"ఇయ్యి మా మొక్కల పిల్లలేనా?"

"చెప్పలేనండి. కావచ్చు, కాకపోవచ్చు."

అప్పాయమ్మ ఒక ఆకును చాలాసేపు వేళ్ల మధ్య పట్టుకుని ఉండిపోయింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎవరి పిల్లలైతేనేం. గేదెలు మేసేత్తాయి, దడి కట్టాలి" అంది. మర్నాడు ఆడవాళ్లంతా కర్రలూ పాత వలలూ పట్టుకుని దిబ్బకు కదిలారు. దిబ్బ మీద మడ గుబురుగా పెరిగిన కొన్నేళ్లకు మళ్లీ తుఫాను వచ్చింది. పల్లెలో ఇళ్ల కప్పులు లేచిపోయాయి గాని, మనిషన్నవాడు ఎవడూ పోలేదు.

కిరీటి అడిగాడు: "అయితే మేడమ్, మొక్కలు పోయాయని చెప్పేయమంటారా?"

"చెప్పు" అన్నారు హైమావతి గారు. "చెప్పి, వెంటనే లేచి వచ్చేయకు."