మూడు చీరల దారి

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడం మాణిక్యాంబ గారికి అలవాటు లేదు. "ఊఁ" అని ఊరుకుంటుంది. చేతిలో ఉన్న బట్ట పిండుకుంటుంది. జవాబు ఎప్పుడో తనంతట తానే ఎదురుపడుతుంది. గురువంటే గడగడా చెప్పేసేవాడనుకునే వాళ్లు ఆవిడ దగ్గర నాలుగు రోజులు నిలవరు. నిలిచిన కొద్దిమందిలో కోటిరత్నం ఒకతె.

నగరం మధ్యనుంచి పోయే ఏటి ఒడ్డున చాకిరేవు ఉంది. మాణిక్యాంబ బతుకంతా ఆ రేవులోనే ఉతికింది, ఇప్పుడూ ఉతుకుతుంది. సాయంత్రాలు తన పాకముందు కూర్చుని తత్త్వం చెబుతుంది. కోటిరత్నం ఆ రేవులో పుట్టిన పిల్లే. బి.ఏ. చదివి బడిలో పాఠాలు చెబుతోంది. వాళ్లమ్మ మాత్రం ఇంకా అదే బండమీద ఊరి మురికి బాదుతోంది. ఆ బండ పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. రేవులో ఏ ఇంటి సంగతైనా అంతే.

ఆ ఏటిమీద కొత్త వంతెన కడతామని కమిటీ ఒకటి బయల్దేరింది. ఉత్త వంతెన కాదు, మనుషులు కాపురముండే వంతెన! పైన ఇళ్లు, ఇళ్లకింద కొట్లు, కొట్లముందు కాఫీ తాగడానికి కుర్చీలు. నేలమీద ఉన్నవాళ్లకే దిక్కులేని ఊళ్లో నీళ్లమీద కాపురాలు పెడతారట! రేవు పక్కన ఈ నేల తమదేనని బోర్డు పాతి, షామియానా వేసి, మూడు నమూనాలు చేయించి బల్లలమీద పెట్టారు. ఒకటి పావురాల గూళ్లలా ఉంది. ఒకటి ఆసాంతం అద్దాలు. మూడోది కోటబురుజులతో పాతకాలపు వేషం వేసింది, దాని కిటికీలకు దండేలు కట్టి అందానికి రంగుకాగితం ముక్కలు ఆరేశారు. మూడింటిమీదా బుల్లి బుల్లి అట్టమనుషులు కుక్కపిల్లల్ని పట్టుకుని షికారు చేస్తున్నారు. రేవు మాత్రం ఎందులోనూ లేదు. రేవు ఉండాల్సిన చోట మూడింట్లోనూ స్తంభం దిగింది.

"రజక సోదరులారా, ఏది నచ్చిందో మీరే చెప్పండి. ఆదివారం ఛైర్మన్ గారొస్తారు, చేతులెత్తితే చాలు," అన్నారు కమిటీవాళ్లు. మేకనడిగే మసాలా నూరుతున్నామని పేపర్లో రాయించుకోవాలిగా మరి!

ఆ సాయంత్రం కోటిరత్నం గురువు ముందు కూర్చుంది. ఆమె మనసు రెండుగా చీలిపోయి ఉంది. స్తంభం దిగే చోటు ఆమెకు తెలుసు. కానీ మూడోదాంట్లో రేవువాళ్లకు కొన్ని ఇళ్లిస్తామని ఎవరో అన్నారు. అమ్మకు మెట్లున్న ఇల్లు, తలుపున్న స్నానాలగది!

"అమ్మా, ఎలాగూ కట్టేస్తారు కదా. ఎంచుకోమని అడిగినప్పుడు ఉన్నవాటిలో కాస్త నయమైనది ఎంచుకోకపోవడం మొండితనం కాదా?"

"ఊఁ," అంది మాణిక్యాంబ, మోకాలిమీద తుండు మడతపెడుతూ.

ఇంతలో రేవుపెద్ద వీరాస్వామి పరుగులాంటి నడకతో వచ్చాడు. కమిటీవాళ్లకు ఇంకో ముచ్చట పుట్టిందట. రోడ్డు దగ్గర్నుంచి షామియానా దాకా ఛైర్మన్ గారికి నడపావడలు పరచాలట.

నడపావడ అంటే ఈ కాలంవాళ్లకు తెలియకపోవచ్చు. పెళ్లికూతురికో, ఊరేగే దేవుడికో కాలు నేలకు తగలకుండా చాకలివాళ్లు ముందు చీరలు పరుస్తారు. దాటిపోగానే వెనక చీర తీసి, పరుగున తెచ్చి మళ్లీ ముందు పరుస్తారు. నాలుగు చీరలతో ఊరంతా తిప్పొచ్చు. పైన నడిచేవాళ్లకు తోవ ఎప్పటికీ తరగదు, వంగిన నడుములకే తెలుస్తుంది అది ఎంత పొడుగో.

కోటిరత్నం అగ్గయిపోయింది. "మా నాన్న ఈ వెట్టి మానిపించడానికి దెబ్బలు తిన్నాడు బాబాయ్. ఇప్పుడు మన రేవు తవ్వడానికొచ్చేవాడికి మనమే చీరలు పరచాలా? సిగ్గులేదూ?"

"ఫొటోలు తీసుకుంటారటే అమ్మా. సంప్రదాయమట. కాదంటే కోపాలొస్తాయి," అని వీరాస్వామి గొణిగాడు.

"పరుద్దాం," అంది మాణిక్యాంబ. "ముందు నేనుంటాను. వెనక చీరలెత్తడానికి ఇదుంటుంది."

ఇన్నేళ్లు ఎవరి పాదాల దగ్గర కూర్చుందో ఆ మనిషి నోటినుంచి ఆ మాట! కోటిరత్నం లేచి వెళ్లిపోయింది. గురువులు కూడా ముసలివాళ్లవుతారు కాబోలు, భయపడతారు కాబోలు అనుకుంది. అయినా ఆదివారం వచ్చింది. కోపంతోనే వచ్చింది, కానీ వచ్చింది.

ఛైర్మన్ పరంధామయ్య గారు తెల్లటి పంచె, మెరిసే చెప్పులతో కారు దిగాడు. రోడ్డునుంచి షామియానాకు మధ్య పల్లంలో సబ్బునీళ్లు, సోడా, నీలిమందు కలిసిన బురద ఎప్పుడూ నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. మాణిక్యాంబ చీర పరిచింది. ఆయన అడుగు వేశాడు. ఆయన దాటిన చీరను వెనక కోటిరత్నం ఎత్తింది, వంగి, పళ్లు బిగించి, ముందుకు అందించింది. మళ్లీ చీర, మళ్లీ అడుగు. కెమెరాలు టకటకలాడాయి. ఆయన ఏటివైపు చెయ్యి చాపి, మీసం కింద నవ్వాడు.

సరిగ్గా పల్లం నడిమధ్యకు వచ్చేసరికి మాణిక్యాంబ ఆగింది. చంకలో మూడు చీరలున్నాయి, ఎర్రది, పచ్చది, నీలిది.

"ఏది పరవమంటారు బాబూ?"

"ఏదైతేనేం మామ్మగారూ! పరవండి."

"అలాగంటే ఎలా? తమరు మాకు మూడు చూపించారు. మేమూ తమకు మూడు చూపిస్తున్నాం. తమ ఇష్టం."

ఆయన సరదాపడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లూ సరదాపడ్డారు. "అయితే ఎర్రది!"

మాణిక్యాంబ ఏటివైపు చెయ్యి చూపించింది. "ఎర్రది అలా పోతుంది."

"అటు నీళ్లు కదా?"

"నీళ్లే."

"పోనీ, పచ్చది?"

"అదీ అటే. నీలిదీ అటే. రంగులు మాత్రం వేరు బాబూ."

ఆయన నవ్వు మీసంలోనే ఇరుక్కుపోయింది. "షామియానాకి పోయే దారేదీ?"

"అది మా నమూనాల్లో లేదు."

కమిటీవాళ్లు గట్టుమీదనుంచి కేకలు వేశారు, ఒక్కడూ బురదలోకి దిగలేదు. వీరాస్వామి తల పట్టుకుని, "వదినా, కొంప ముంచావు!" అన్నాడు. ఛైర్మన్ వెనక్కి తిరిగాడు. వెనక చీర లేదు, కోటిరత్నం చేతుల్లో ఉంది. అంత పెద్దమనిషి ఒక్క చీర మీద, నల్లటి బురద మధ్య, ఒంటికాలి కొంగలా నిలబడిపోయాడు.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానిలా ఉన్నావు," గొంతు తగ్గించి అన్నాడు. "ఆ చీర ఇటు పరువు. మీ ఇంటి సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాటతో కోటిరత్నానికి మెట్లున్న ఇల్లు కళ్లముందు కదిలింది. ఆ ఇంటికింద, స్తంభం మొదట్లో, అమ్మ బండ కూడా కదిలింది. ఆయన అడుగు తగిలిన చోట తడిసి బరువెక్కిన చీర చేతుల్లో ఉంది. వంగితే అయిపోయేది. తాతలు వంగారు, అమ్మ వంగింది, ఇందాకటి దాకా తనూ వంగింది.

గురువు వైపు చూసింది. మాణిక్యాంబ ఇటు చూడటమే లేదు, ఎర్రచీర మడత సరిచేసుకుంటోంది.

కోటిరత్నం నడుము నిటారుగా నిలిపి చీరను గుండెలకు హత్తుకుంది.

"ఈ చీర ఊళ్లోవాళ్లదండీ. ఉతికి తిరిగివ్వాలి. ఇక బురదలో వెయ్యను."

రేవులో ఎక్కడో ఒకావిడ పకపకా నవ్వింది. అప్పుడు మాణిక్యాంబ ఛైర్మన్‌కు ఎదురుగా వచ్చింది.

"కిందిది నేలే కదా బాబూ. తమదేనని బోర్డు కూడా పాతించారు. కాలు పెట్టడానికేం?"

ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత కాలు పెట్టక తప్పలేదు. చెప్పు ఒకటి లోపలికి దిగి పోయింది, పంచె అంచుకు నీలిమందు పట్టింది. వచ్చిన దారినే కారు దాకా కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. మా రేవు నీలిమందు మంచిది, అంత తొందరగా పోదు. ఆవేళ చేతులెత్తించే తతంగం జరగలేదు. అట్టమనుషుల్ని పెట్టెల్లో సర్దుకుని పోయారు.

అంతమాత్రాన వంతెన ఆగిపోయిందని నేను చెప్పను. కమిటీలకు చావుంటుందని ఎవరన్నారు? కోటిరత్నానికీ ఆ భ్రమ లేదు. ఎండ వాలుతుండగా అమ్మ బండమీద ఆ చీర ఉతుకుతూ, పక్క బండ దగ్గరున్న గురువుతో అంది:

"అతను ఊరుకోడమ్మా. మళ్లీ వస్తాడు."

మాణిక్యాంబ గుడ్డ పిండి భుజాన వేసుకుంది. ఈసారి "ఊఁ" అనలేదు.

"రానియ్యవే. ఇకనుంచి నేలమీద నడిచొస్తాడు."